మిగిలిన ముక్కలతో మెరిసే అరలు

ఇల్లు పూర్తయ్యాక మిగిలే టైలు ముక్కలు, గ్రానైటు పట్టీలు, టేకు బద్దలు చాలాచోట్ల ట్రాక్టరెక్కి ఊరి చివరికి పోతున్నాయి. ఆ ఇంటి అరలను ముస్తాబు చేయడానికి అంతకంటే తగిన సామాను బజారులో దొరకదు. కాస్త ఓపిక, ఇద్దరు మంచి పనివాళ్ళు ఉంటే చాలు.

గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడితే ఇంటి దగ్గర రెండు పనులు పోటీపడి సాగుతాయి. లోపల రంగుల వాళ్ళు చివరి కోటింగు వేస్తుంటారు. బయట కూలీలు రబ్బీసు ఎత్తిపోస్తుంటారు. అనకాపల్లి గవరపాలెం సందుల్లోనైనా, తుమ్మపాల వైపు కొత్తగా లేస్తున్న ఇళ్ళ దగ్గరైనా ఇదే సందడి. ఆ రబ్బీసులో ఏముందో ఒక్క నిమిషం ఆగి చూస్తే మనసు చివుక్కుమంటుంది. విప్పి సగం వాడిన టైల్సు పెట్టె, వంటగట్టుకు కోయగా మిగిలిన గ్రానైటు పట్టీలు, గుమ్మాల దగ్గర మిగిలిన టేకు ముక్కలు, ప్లైవుడ్డు తునకలు, మూరెడు మూరెడు పీవీసీ పైపులు, అడుగున ఇంకా రంగున్న డబ్బాలు. అన్నీ డబ్బు పోసి కొన్నవే.

అదే ఇంటి లోపల పడకగదిలోనూ వంటగదిలోనూ గోడకు కట్టిన అరలు బోసిగా కనిపిస్తాయి. కడప బండ, దాని మీద సిమెంటు మరకలు, పెచ్చులూడిన అంచు. ‘కబోర్డులు తర్వాత చేయించుకుందాం’ అనుకుంటారు ఇంటివాళ్ళు. స్థలం, స్లాబు, ఫ్లోరింగు, రంగులు అయ్యేసరికి చేతిలో డబ్బులు అయిపోతాయి. ఆ ‘తర్వాత’ కొన్ని ఇళ్ళలో ఏళ్ళు గడిచినా రాదు. అరకు పాత చీర తెరగా కట్టి కాలం గడిపేస్తారు.

బయటికి పోతున్న ముక్కలకు ఒక గొప్ప గుణం ఉంది. అవి ఆ ఇంటి ముక్కలు. గది నేలకు పరిచిన టైలే అర అంచుకూ వస్తుంది. వంటగట్టు రాయే జాడీల అరకూ వస్తుంది. గుమ్మం టేకే పుస్తకాల అరకు బద్ద అవుతుంది. అందుకే వాటితో తీర్చిన అర అతికించినట్టు ఉండదు. ఇంటితోపాటే కట్టినట్టు ఉంటుంది.

ఎంత మిగులుతుంది?

కేంద్ర ప్రభుత్వ సంస్థ టైఫాక్ 2001లో వేసిన అంచనా ప్రకారం, కొత్త కట్టడంలో ప్రతి చదరపు మీటరుకూ 40 నుంచి 60 కిలోల వ్యర్థం వస్తుంది. వంద చదరపు మీటర్ల ఇల్లు, అంటే దాదాపు 1,076 చదరపు అడుగులది, కట్టేసరికి 4 నుంచి 6 టన్నులన్నమాట. పాత పక్కా ఇల్లు కూలగొడితే చదరపు మీటరుకు 500 కిలోల దాకా వస్తుందని అదే అంచనా. ఇందులో ఎక్కువ భాగం మట్టి, గచ్చుపెళ్ళలు, ఇటుక ముక్కలే. అరలకు పనికొచ్చేది అందులో కొద్ది పాలే. అయితే అరలకు కావలసిందీ కొద్దే.

ఒక చిన్న లెక్క చూద్దాం. రెండడుగుల చదరపు టైలును రెండంగుళాల పట్టీలుగా కోస్తే, రంపం తినేది పోగా పదకొండు పట్టీలు వస్తాయి. ఒక్కో పట్టీ రెండడుగుల పొడవు. నాలుగడుగుల అర ముందంచుకు రెండు పట్టీలు సరిపోతాయి. ఒక్క టైలుతో అయిదు అరల అంచులు పూర్తవుతాయి. కోతలో పోయేది, పగిలేది లెక్కగట్టి టైల్సు మేస్త్రీలు కొలత కంటే నూటికి అయిదు నుంచి పది పాళ్ళు ఎక్కువే కొనిపిస్తారు. అలా కొన్నవాటిలో ఏ నాలుగైదు టైల్సు మిగిలినా ఇల్లంతటి అరలకూ అంచు కట్టవచ్చు.

చిన్న ఇళ్ళవాళ్ళకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగులవి. విశాఖ నగర పేదలకు ఇళ్ళ పట్టాల పంపిణీ 2022 ఏప్రిల్ 28న అనకాపల్లి జిల్లా సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో జరిగింది. పట్టణ పేదలకు ఆ పంపిణీలో ఇచ్చింది ఒక్కో సెంటు, అంటే 48.4 చదరపు గజాలు. అంత చోటులో కట్టిన ఇంట్లో ఇనుప బీరువా పెడితే మంచానికి జాగా చాలదు. సామానంతా గోడకే ఎక్కాలి. రోజూ కళ్ళెదుట కనపడే ఆ గోడ అందంగా ఉండాలని కోరుకునే హక్కు పెద్ద ఇంటివాళ్ళకెంత ఉందో వీళ్ళకూ అంతే ఉంది.

గోడలో గూడు

గోడనే దాపుగా వాడుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. అనకాపల్లి పక్కనే శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ ఉంది. 1906-07లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపించిన ఈ బౌద్ధ క్షేత్రంలో రాతి గోడలను తొలిచిన గూళ్ళలో బుద్ధ విగ్రహాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొండపైన పెద్ద స్తూపాన్ని ముందు రాతిలోనే మలిచి, దానికి ఇటుక తొడుగు వేశారు. ఉన్న రాయిని ఉన్నచోటే వాడుకుని, చాలని చోట ఇటుకతో పూరించిన పనితనం అది.

ఊళ్ళలో మట్టిగోడల ఇళ్ళకు వాకిలి పక్కన దీపం గూడు, వంటింట్లో ఉప్పు గూడు, తలపైన అటక ఉండేవి. గూటి చుట్టూ ఎర్రమట్టి అలికి, ముగ్గుపిండితో గీతలు గీసేవారు. అప్పట్లో గూటిని అలంకరించకుండా వదిలేసిన ఇల్లు తక్కువ. కాంక్రీటు ఇళ్ళు వచ్చాక గూటి స్థానంలోకి బండల అలమర వచ్చింది. రాయలసీమలో దొరికే నల్ల సున్నపురాయిని పలకలుగా తీసి, గోడ కడుతున్నప్పుడే అందులో బిగించేస్తారు. చెదలు పట్టదు, తుప్పు పట్టదు, చవక. అయితే గూటికి దక్కిన అలంకారం బండకు దక్కలేదు. దాన్ని తలుపుల వెనక దాచాల్సిన వస్తువుగానే చూస్తున్నాం.

కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) ఈ దృష్టిని మార్చడానికి జీవితాంతం పాటుపడ్డారు. ఆయన కట్టిన ఇళ్ళలో కూర్చునే అరుగులు, అరలు గోడలోనే కలిసి వచ్చేవి. పనికిరాని పెంకులను స్లాబులో నింపి సిమెంటు, ఇనుము ఖర్చు తగ్గించారు. పాత సీసాలను గోడలో పేర్చి వెలుతురు తెప్పించారు. ఆయనకు 1990లో పద్మశ్రీ వచ్చింది. ఇంటికి ఖరీదైనదే అందం అన్న నమ్మకాన్ని ఆయన ఇళ్ళు ఇప్పటికీ సవాలు చేస్తూనే ఉన్నాయి.

ఏ ముక్క ఏ అరకు?

ముందుగా మిగిలినవాటిని నేల మీద పరిచి మూడు వాటాలు వేసుకోవాలి. రాయి, టైల్సు ఒక వైపు. కర్ర, ప్లైవుడ్డు ఒక వైపు. రంగులు, పైపులు, హార్డువేరు మరో వైపు. ఆ తర్వాత ఏ అరలో ఏం పెడతారో చూసి, దానికి తగిన ముక్కను ఎంచుకోవాలి. అందం కోసం మాత్రమే ఎంచితే ఆరు నెలల్లో బాధపడాల్సి వస్తుంది.

ఆవకాయ, మాగాయ జాడీలు పెట్టే అరనే తీసుకుందాం. కడప బండ సున్నపురాయి. పులుపు తగిలితే దాని మీది నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. చింతపండు రసం, నిమ్మరసం, ఊరగాయ ఊట అన్నిటికీ అదే గుణం. అందుకని జాడీల అర పైభాగానికి మిగిలిన గ్రానైటు గానీ, విట్రిఫైడ్ టైలు గానీ వేయించడం మంచిది. జాడీ జరిపినా గీత పడదు, నూనె కారినా ఇంకదు.

బెల్లం అరకూ ఇదే వర్తిస్తుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఉన్న అనకాపల్లిలో బెల్లం దిమ్మ లేని ఇల్లు ఉండదు. వానాకాలం గాలిలో తేమను పీల్చుకుని బెల్లం చెమరుస్తుంది, పాకం కారుతుంది, చీమలు బారులు తీరతాయి. గరుకు సిమెంటు అరలో ఆ జిగురు ఎంత తుడిచినా పోదు. స్నానాల గదికి వాడగా మిగిలిన తెల్ల గ్లేజు టైల్సు అడుగునా, వెనకా, పక్కలా వేస్తే తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. టైలుకూ టైలుకూ మధ్య సందు బాగా పూడ్చాలి. చీమకు దారి దొరికేది అక్కడే.

పుస్తకాల అరకూ బట్టల అరకూ కర్ర నప్పుతుంది. గుమ్మాలు, కిటికీలు చేసిన వడ్రంగి దగ్గర అంగుళన్నర వెడల్పు టేకు బద్దలు తప్పకుండా మిగులుతాయి. వాటిని చిత్రిక పట్టించి బండ ముందంచుకు బీడింగులా బిగిస్తే రాయి చల్లదనం కంటికి కనపడదు. గుమ్మానికి వేసిన పాలిషే దీనికీ వేస్తే గది మొత్తం ఒక్క పనిగా కనిపిస్తుంది. ప్లైవుడ్డు తునకలతో అరను నిలువునా చిన్న గళ్ళుగా విడదీయవచ్చు. రేషను కార్డు, కరెంటు బిల్లులు, మందుల చీటీలు ఒక్కోదానికి ఒక్కో గడి. కోసిన అంచులకు వార్నిషు గానీ రంగు గానీ పట్టించకపోతే తేమ పీల్చుకుని ప్లైవుడ్డు పొరలు విడిపోతాయి. సముద్రం గాలి తగిలే ఈ జిల్లాలో ఈ పని అసలే మానకూడదు.

నాలుగంగుళాల పీవీసీ పైపు మిగిలిందా? అర లోతుకు సరిపడా ముక్కలు కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, పక్కపక్కన పేర్చి అతికిస్తే పిల్లల చార్టులకూ గొడుగులకూ తువ్వాళ్ళకూ గుండ్రటి గూళ్ళు తయారవుతాయి. పాత ఇల్లు విప్పిన చోట గూనపెంకులు దొరికితే వాటిని పారేయకూడదు. అర పైఅంచున వరసగా బోర్లిస్తే చిన్న చూరులా నిలుస్తాయి. దేవుడి అరకు ఇది ఎంత కళ తెస్తుందో చూస్తేనే తెలుస్తుంది.

ఇక రంగు. డబ్బా అడుగున మిగిలిన అర లీటరుతో గోడ వేయలేం, అర వెనకగోడ మాత్రం వేయగలం. హాలుకు వేసిన ముదురు రంగు పడకగది అర లోపల వేస్తే ఆ లోతు అందంగా తేలుతుంది. రెండు కంపెనీల ఎమల్షన్లు కలపకుండా, ఒక్కో అరకు ఒక్కో రంగు వాడడం మేలు.

పగిలినదే పనితనం

సరిగ్గా కోసిన పట్టీలు అందరికీ దొరకవు. పగిలిన ముక్కలే మిగిలితే? వాటి కోసం ప్రపంచంలో గొప్ప కళ ఒకటి ఉంది.

స్పెయిన్‌లోని బార్సిలోనాలో వాస్తుశిల్పి ఆంటొనీ గౌడీ 1900–1914 మధ్య కట్టిన పార్క్ గ్యూయెల్‌లో పొడవాటి వంపు అరుగు పైభాగమంతా పగిలిన టైలు ముక్కల పొదుగుడే. ఫ్యాక్టరీలు పారేసిన ముక్కలు కూడా అందులో ఉన్నాయి. మన దేశంలో చండీగఢ్ రాక్ గార్డెన్ సంగతి చాలామందికి తెలుసు. రోడ్ల శాఖ ఉద్యోగి నేక్‌చంద్ 1957 ప్రాంతంలో ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టారు. కొత్త నగరం కోసం కూల్చిన ఊళ్ళ శిథిలాలు, పగిలిన పింగాణీ, గాజుల ముక్కలతో బొమ్మలు చేశారు. 1975లో అధికారుల కంటపడింది, 1976లో ప్రజల కోసం తెరిచారు. తెలుగునేల మీద తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనుప నట్లు, బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. 

అర వెనకగోడకు ఇదే పద్ధతి ఇంట్లో వాడుకోవచ్చు. టైలు ముక్కలను గోనెసంచిలో చుట్టి సుత్తితో మెల్లగా కొడితే పెంకులు కళ్ళలోకి ఎగరవు. రెండంగుళాల లోపు ముక్కలను ముందు నేల మీద, అర కొలతలో సుద్దతో గీసిన గడిలో పేర్చి చూసుకోవాలి. పెద్ద ముక్కలు నడుమ, సన్నవి అంచులకు. ముగ్గు వేయడం వచ్చిన చేతికి ఈ పేర్పు పెద్ద కష్టం కాదు. చుక్కల లెక్కతో తామరపువ్వు దిద్దగల ఇల్లాలు నాలుగు రంగుల టైలు ముక్కలతో అదే పువ్వును అరలో పూయించగలదు. కుదిరిందనుకున్నాక ఒక్కొక్క ముక్కనే గోడకు ఎక్కించి, మర్నాడు సందుల్లో గ్రౌటు గానీ తెల్ల సిమెంటు గానీ నింపి, ఆరేలోపు తడి స్పాంజితో తుడిచేయాలి.

ఏటికొప్పాక మెరుపు

రాయి, టైలు, కర్ర అన్నీ కుదిరాక తలుపుకో సొరుగుకో ఒక పిడి కావాలి. దాని కోసం దూరం వెళ్ళక్కర్లేదు. అనకాపల్లి జిల్లాలోనే వరాహనది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి కళాకారులు మెత్తటి అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ, లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. అందుకే ఆ నునుపు, ఆ మెరుపు. చెట్ల నుంచి తీసిన సహజ రంగులను మళ్ళీ వాడుకలోకి తేవడంలో కృషి చేసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీ వీధుల్లో కనిపించినవీ ఈ బొమ్మలే.

లేతు మీద తిరిగేది ఏదైనా లక్కపనికి అనువే. అర తలుపు గుండ్రటి పిడి, తువ్వాలు తగిలించే మేకు, అర అంచున నిలబెట్టే చిన్న స్తంభం, ఇలాంటివి కొలత చెప్పి చేయించుకుంటే పాత ముక్కల పక్కన ఒక కొత్త మెరుపు చేరుతుంది. అరలకు మిగిలిన సామాను వాడినందువల్ల ఆదా అయిన డబ్బులో కొంత ఇలా చేతిపనివాళ్ళకు చేరితే అంతకంటే మంచి ఖర్చు లేదు.

బరువు, దుమ్ము, విషం

అందం సంగతి అయ్యింది. ప్రమాదాల సంగతి కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

మొదటిది బరువు. 20 మిల్లీమీటర్ల గ్రానైటు చదరపు అడుగుకు అయిదు కిలోలు తూగుతుంది. నాలుగడుగుల పొడవు, అడుగు లోతు ఉన్న అరకు పరిస్తే అది ఒక్కటే ఇరవై కిలోలు. గోడలో బిగించిన బండకు ఫరవాలేదు. బ్రాకెట్ల మీద నిలిపిన ప్లైవుడ్డు అరకు అది మోయలేని బరువు. టైలు చదరపు అడుగుకు దాదాపు రెండు కిలోలే కాబట్టి అలాంటిచోట అంచుకు టైలు పట్టీతో సరిపెట్టుకోవాలి.

రెండోది అతుకు. వంటింటి గోడలకు వేసే సిరామిక్ టైలు నీరు పీలుస్తుంది. నీళ్ళలో నానబెట్టి సిమెంటుతో వేస్తే పట్టుకుంటుంది. విట్రిఫైడ్ టైలు అర శాతం నీరు కూడా పీల్చదు, ఉత్త సిమెంటు పాలు దానికి పట్టవు. దానికి టైల్ అడ్హెసివ్ వాడాలి. సంచి మీద ఐఎస్ 15477 అన్న ప్రమాణం ముద్ర చూసి కొనాలి. మూలన మిగిలిపోయిన సిమెంటు సంచినీ నమ్మలేం. మూడు నెలలకే దాని బలంలో దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. చేత్తో నలిపితే పొడికాని గడ్డలుంటే పక్కన పెట్టేయాలి.

మూడోది దుమ్ము. టైలునూ గ్రానైటునూ పొడిగా కోస్తే లేచే సన్నటి పొడిలో సిలికా ఉంటుంది. అది ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. సిలికా అతిగా ఉండే కృత్రిమ క్వార్ట్జ్ పలకలను ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది కూడా కోత పనివాళ్ళ ఊపిరితిత్తులు పాడవుతున్నాయనే. కోతకు నీళ్ళు పోసే మిషను, ముక్కుకు గట్టి మాస్కు ఇంటివాళ్ళే అడిగి ఏర్పాటు చేయాలి. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

నాలుగోది పాత రంగు. పాత ఇంటి తలుపు విప్పి అరకు వాడాలనుకుంటే దాని మీది రంగును పొడిగా గీకకూడదు. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువ ఉండవచ్చు. తడిపి గీకి, ఆ పొట్టును మూటకట్టి పారేయాలి. ఆస్‌బెస్టాస్ రేకు ముక్కలను మాత్రం ఏ అలంకారానికీ కోయకూడదు.

ట్రాక్టరు రాకముందే

ఈ పనికి సరైన సమయం టైల్సు మేస్త్రీ ఇంకా ఇంట్లో ఉన్నప్పుడే. మిషను, మట్టం చూసే రసమట్టం, చేయి తిరిగిన మనిషి మూడూ అప్పటికే అక్కడ ఉంటాయి. పట్టీలు కోయడానికి ఒకపూట అదనపు కూలి ఇస్తే సరిపోతుంది. అతను వెళ్ళిపోయాక అదే పనికి మళ్ళీ పిలిస్తే రాకపోకలకే ఆ కూలి అయిపోతుంది. వడ్రంగితోనూ ముందే మాట ఒకటి అనుకోవాలి: అడుగు పొడవు దాటిన ఏ ముక్కనూ పొయ్యిలోకి పంపకూడదు.

అన్నీ వాడేయడమూ తప్పే. ప్రతి గది టైల్సులో రెండు మూడు నిండువి అటక మీద దాచాలి. రేపు పైపు పగిలి నేల తవ్వాల్సి వస్తే అదే రంగు మళ్ళీ దొరకదు. ఒక్కో విడత తయారీకి ఛాయ మారుతుంది. విప్పని పెట్టెలు కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడేమో కొనేటప్పుడే అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. తమకు అక్కర్లేని ముక్కలు కాలనీలో ఇల్లు కడుతున్న మరొకరికి పనికిరావచ్చు.

చివరికి మిగిలే గచ్చుపెళ్ళలను చెరువు గట్టునో శారదానది ఒడ్డునో పోయడం నేరమే కాదు, ఊరికి ద్రోహం కూడా. నిర్మాణ వ్యర్థాలను వేరుచేసి, చెప్పిన చోటికే చేర్చాలని 2016 మార్చిలో వచ్చిన కేంద్ర నిబంధనలే చెప్పాయి. హైదరాబాదు జీడిమెట్లలో 2020లో మొదలైన కేంద్రం రోజుకు 500 టన్నుల వ్యర్థాన్ని తిరిగి ఇసుక, కంకరగా మార్చగలదు. విశాఖ మహానగర పాలక సంస్థ (జీవీఎంసీ)లో భాగమైన అనకాపల్లిలో ఇల్లు కట్టేవాళ్ళు రబ్బీసు ఎక్కడికి పంపాలో ముందే జోనల్ కార్యాలయంలో కనుక్కోవడం మంచిది.

ఈ పని సంక్రాంతికి ముందు పెట్టుకుంటే మరో లాభం ఉంది. పై రెండు అరలను బండకు అతికించకుండా, టైలు పరిచిన ప్లైవుడ్డు పలకలుగా విడిగా చేయించుకుంటే, పండగ మూడు రోజులూ వాటిని దింపి బొమ్మల కొలువుకు మెట్లుగా వేసుకోవచ్చు. కనుమ మర్నాడు తుడిచి మళ్ళీ అరలోకి జరిపేయవచ్చు. వడ్రంగికి కొలత ఇచ్చేటప్పుడు పలకకు రెండు వైపులా పావంగుళం ఖాళీ వదలమని చెప్పాలి. తేమకు కర్ర ఉబ్బినా పలక ఇరుక్కోదు.